గద్దలొచ్చే యాళ్ల

ఫిబ్రవరి 9, 1986

ఆదివారం. చర్చి నుంచి తిన్నగా గంగారాం పటేల్ కల్లానికి. అమ్మకు సద్ది ఇవ్వాలి — పసుపు రోజుల్లో అమ్మకు ఆదివారం ఉండదు. ఉడికించిన పసుపు కొమ్ములు నేలంతా పరిచి ఉన్నాయి. పచ్చి వాసన ఇంకా పోలేదు. అమ్మ వంగి కొమ్ములు తిరగేస్తోంది. తల ఎత్తకుండానే అంది — "గద్దలొచ్చే యాళ్లయింది."

ఆకాశంలో ఒక్కటీ లేదు. సద్ది మూత విప్పేలోపు మూడు వచ్చాయి. రెక్క ఆడించకుండా, గుండ్రంగా తిరుగుతూ పైకి, ఇంకా పైకి...

ఎలా తెలిసిందని అడిగాను. చేతులు దులుపుకుంటూ చెప్పింది. "కాళ్లకు తెలుస్తది బిడ్డా. పొద్దటి సంది వేడి. ఒక్కపారి సల్లగాలి మడిమెల కాడికెల్లి కల్లం నడిమిట్లకు గుంజుకపోతది. గట్ల గుంజినంక గద్దలు వస్తయ్. నేను పని జేయవట్టిన కాన్నుంచి గంతే."

పదకొండేళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తుందని, ఆ ఖాళీలోకి చుట్టుపక్కల చల్లగాలి దూసుకొస్తుందని ప్రతి ఏడూ బోర్డు మీద బాణాలు గీస్తాను. ఆ బాణం మడమకు తగులుతుందని నాకు తెలియదు.

ఫిబ్రవరి 10

సెలవు పెట్టాను. కల్లం గట్టు మీద కూర్చున్నాను, చేతిలో గడియారం. అమ్మ "ఇగో" అన్నప్పుడల్లా టైమ్ రాసుకున్నాను. ఒక్కసారి తప్ప ప్రతిసారీ గద్దలు వచ్చాయి. ఆ ఒక్కసారీ అమ్మే ముందుగా ఒప్పుకుంది — "గది గాలి గాదు. ట్రాక్టర్ పోయింది."

ఫిబ్రవరి 11

క్లాసులో బోర్డు మీద వరసగా గుండ్రాలు గీశాను. ఎందుకు గీశానో పిల్లలకు చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 21

గైడ్ సార్ దగ్గర్నుంచి కార్డు. ఉక్కు కడ్డీలో వేడి ఎంత వేగంగా పాకుతుంది — అదీ నా పీహెచ్‌డీ అంశం. నాలుగేళ్లుగా పాకుతూనే ఉంది. దాన్ని వదిలేసి, గద్దలు రెక్క ఆడించకుండా ఎలా పైకెక్కుతాయో తేలుస్తానని రాశాను. జవాబు రెండే వాక్యాలు. "గద్దలు జువాలజీ వారివి. మీ గడువు మీకు గుర్తుందనుకుంటాను."

గుర్తుంది. మూడోసారి పొడిగించిన గడువు. ఇక పొడిగించరు.

దాసు కార్డు చదివాడు. మా ఆయనకు మాటలు తక్కువ. "గీయన వద్దన్నడా?" అన్నాడు.

మళ్లీ చదివాను. వద్దనలేదు.

ఫిబ్రవరి 23

కాలువల ఆఫీసు సర్వేయర్ని చేసుకోవడం ఎంత అదృష్టమో ఇవాళ తెలిసింది. దాసు రెండు చెక్క పలకలు చేశాడు. అరచక్రంలా కోసి, అంచున గీతలు గీసి, మధ్యలో మేకు కొట్టి, మేకు మీద తిరిగే సన్నటి ఇనుప గొట్టం. గొట్టంలోంచి గద్దను చూస్తూ తిప్పాలి, ఆగిన చోట గుర్తు పెట్టాలి. కింద ఇంకో గుండ్రటి పలక, ఏ దిక్కో చెప్పడానికి. ఒకే గద్దను ఒకే క్షణంలో రెండు చోట్ల నుంచి చూస్తే అది ఎంత ఎత్తున, ఎక్కడ ఉందో లెక్క తేలుతుంది. కాలువ తవ్వేవాళ్లకు రోజూ ఉండే లెక్కే.

ఒక పలక నాకు. రెండోది?

"అత్తమ్మ ఉన్నది గదా" అన్నాడు దాసు.

అమ్మకు అంకెలు రావు. పలకను ఇటూ అటూ తిప్పి చూసింది. "అంకె సదవాల్నా, గుర్తు వెట్టాల్నా?"

గుర్తు చాలన్నాను.

"గుర్తు వెడత."

మార్చి 2

కల్లంలో పలకలు పాతాం. ఒకటి బావి మోటారు గది పక్కన, ఒకటి ఆ చివర. దాసు విజిల్ ఊదుతాడు. ఊదగానే ఇద్దరం గుర్తు పెట్టాలి. నాకు పెన్సిల్. అమ్మకు చీపురుపుల్ల, తడి పసుపులో ముంచి.

అంతా వృథా. నేను చూసిన గద్ద ఒకటి, అమ్మ చూసింది ఇంకొకటి.

పటేల్ వచ్చి కాసేపు నిలబడ్డాడు. "గద్దల్ని సదువుడేంది మేడం. కోడిపిల్లల్ని ఎత్తుకపోతయ్, గంతే గదా." అయినా మనిషిని పంపి నాకోసం కుర్చీ తెప్పించాడు. ఒక్క కుర్చీ. నేను కూర్చోలేదు. కుర్చీ మీద పలకల సామాను పెట్టుకున్నాం.

మార్చి 3

పొద్దున టీ తాగుతూ అమ్మ — "తోకల ఒక్క ఈక ఊడిన గద్ద ఉన్నది సూడు, అది రోజు వస్తది. దాన్నే పట్టుకుందాం. దాని మొకం నాకెరుకే."

ఇరవై గద్దల్లో ఒకదాని ముఖం ఎరుకే అనే మనిషితో ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉన్నాను.

మార్చి 9

పట్టుకున్నాం.

నా పలక మీది గుర్తులు లావుగా, అలికినట్టు ఉన్నాయి. అమ్మవి ఆవగింజలంత. మధ్యాహ్నం ఇంటికొచ్చి లెక్కలు కట్టి కాగితం మీద చుక్కలు పెట్టి కలిపాను. గుండ్రాలు. మొదటిది వెడల్పు. రెండోది ఇరుకు, కాస్త పక్కకు జరిగి. మూడోది ఇంకా ఇరుకు. ఎక్కడ గాలి బలంగా లేస్తోందో గద్ద వెతుక్కుంటోంది. ఒక్కో చుట్టుకు కొంచెం అటు జరుగుతోంది. దొరికాక అక్కడే గిర్రున తిరుగుతూ ఎక్కేస్తోంది.

ముగ్గురం నేల మీద కూర్చుని ఆ కాగితాన్నే చూస్తున్నాం. కూర అడుగంటింది. ఎవరం లేవలేదు.

మార్చి 23

ఎండిన కొమ్ములకు మెరుగు పెట్టే రోజు. ఇనుప డ్రమ్ములో పోసి తిప్పుతున్నారు. పొట్టూ దుమ్మూ రేగి కల్లమంతా పచ్చగా... అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీదికి సూడు."

పచ్చటి దుమ్ము నిలువుగా లేవడం లేదు. గాలివాటుకు ఒరిగి, ఏటవాలు స్తంభంలా వేల్పూర్ దిక్కుకు వాలి పైకెళుతోంది. ఇన్నాళ్లూ నన్ను వేధించింది ఒకటే — గద్దలు కల్లం మీద ఎందుకు ఉండవు, ఎప్పుడూ పక్కకే ఎందుకు ఉంటాయి? ఇవాళ కంటికి కనబడింది. గద్దలు ఆ పచ్చటి స్తంభం లోపలే తిరుగుతున్నాయి. ఒక్కటీ బయట లేదు. కంటికి కనబడని గాలికి పసుపు రంగు పట్టింది.

దాసు ఫోటో స్టూడియోకి సైకిల్ మీద ఉరికాడు. కెమెరాతో వచ్చేసరికి దుమ్ము ఇంకా ఉంది. ఒక రీలంతా తీశాం.

మార్చి 29

ఫోటోలు కడిగి ఇచ్చారు. నాలుగు బాగున్నాయి. ఒకదాంట్లో తోక ఈక లేని గద్ద, దాని చుట్టూ పచ్చటి దుమ్ము. తోకను పక్కకు మెలితిప్పి ఉంది, పడవ చుక్కానిలా. ఇది కూడా రాయాలి.

ఏప్రిల్ 20

పటేల్ పసుపు మార్కెట్‌కు పోయింది. కల్లం ఖాళీ. పలకలు తుడిచి అటక మీద పెట్టాం. ఇక నేనూ, నా లెక్కలూ.

ఆగస్టు 18

హైదరాబాద్. గైడ్ సార్ నా పేపర్ మొత్తం చదివారు. ఫోటోల దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. నాకు తెలుసు, ఆయనకు నచ్చింది.

తర్వాత మొదటి పేజీకి వచ్చారు. "రెండో పరిశీలకురాలు కె. రత్నమ్మ. ఎవరీవిడ? ఏం చదివారు?"

"మా అమ్మ సార్. చదువుకోలేదు. కల్లంలో పని చేస్తుంది."

కాగితాలు మూసి నా వైపు చూశారు. కోపం కాదు, జాలి. అదే బాధ. "చూడండి సుగుణా. సగం కొలతలు చదువురాని మనిషి తీసిందని తెలిస్తే ఎవరూ ఒప్పుకోరు. ఆ పేరు తీసేయండి. సహాయకులు అని రాయండి, చాలు."

"కొలతలు తప్పని చెప్పండి సార్, తీసేస్తాను."

"తప్పని నేను అనడం లేదు."

తిరుగు బస్సులో ఆర్మూర్ దాకా అదే మాట చెవిలో. ఇందల్వాయి దగ్గర వాన మొదలైంది.

ఆగస్టు 19

అమ్మకు చెప్పలేదు.

ఆగస్టు 24

దాసు చెప్పేశాడు. అమ్మ బియ్యం చెరుగుతూ వింది. చేట ఆపలేదు. "తీసెయ్ బిడ్డా. నా పేరు లేకుంటె నాకేం తక్కువైతది? నీ డిగ్రీ నీకు రావాలె."

"నీ గుర్తులు తీసేస్తే నా గుండ్రాలు లేవు."

"గుర్తులు ఉండనియ్. పేరు తీసెయ్."

"రెండూ ఒకటే."

"ఒకటెట్లయితది. గుర్తులు గద్దవి. పేరు నాది."

అమ్మతో వాదించి గెలిచిన రోజు లేదు. అయినా తీయను. జీవితంలో మొదటిసారి అమ్మ మాట కాదన్నాను. నా వయసు ముప్పై ఆరు.

ఆగస్టు 26

గైడ్ సార్‌కు ఉత్తరం వేశాను. చిన్నదే. పసుపు రోజుల్లో ఒక్క ఆదివారం ఆర్మూర్ రండి. అమ్మ గుర్తు తప్పని మీ కంటితో మీరు చూస్తే, పేరు మీ చేతితోనే కొట్టేయండి.

సెప్టెంబర్ 30

జవాబు లేదు.

నవంబర్ 12

జవాబు. "ఫిబ్రవరిలో చెప్పండి."

ఫిబ్రవరి 8, 1987

అన్నీ వరసగా రాయాలి. ఏదీ పోకూడదు.

సార్ మొదటి బస్సులో వచ్చారు. తెల్ల ప్యాంటు, బూట్లు, గొడుగు. దాసు వాళ్ల ఇంజనీరును అడిగి, కాగితం రాయించుకుని, ఆఫీసు థియోడలైట్ తెచ్చాడు — కాలువ గట్ల ఎత్తులు కొలిచే అసలు యంత్రం. అమ్మ పలక పక్కనే దాన్ని నిలబెట్టాం. సార్ దాంట్లోంచి చూస్తారు. అమ్మ తన గొట్టంలోంచి. ఒకే గద్ద, ఒకే విజిల్. ఆయన అంకెలు ఆయన పుస్తకంలో. అమ్మ గుర్తులు ఆమె పలక మీద. ఎవరిది ఎవరికీ చూపించకూడదు.

పటేల్ ఈసారి మూడు కుర్చీలు వేయించాడు. ఒకటి అమ్మ పలక దగ్గర. "కూసో రత్నమ్మా" అన్నాడు. అమ్మ కూర్చోలేదు. నిలబడితేనే గొట్టం కంటికి సరిపోతుంది.

పొద్దెక్కింది. ఆకాశం ఖాళీ. సార్ రెండుసార్లు గడియారం చూసుకున్నారు. అమ్మ అంది — "ఇగో. గిప్పుడు గుంజుతున్నది."

సార్ నా వైపు చూశారు. "నాకేమీ తెలియడం లేదే."

"బూట్లు ఇడిసి నిలవడుండ్రి సారూ. బూట్లకేం తెలుస్తది."

యూనివర్సిటీలో ఆయన ముందు ఎవరూ కుర్చీ కూడా జరపరు. సార్ వంగి లేసులు విప్పారు. మేజోళ్లు తీశారు. తెల్లటి పాదాలు. ప్యాంటు మడిచి కొమ్ముల పక్కన నిలబడ్డారు. గద్దలు రానే వచ్చాయి. ఆయన వాటిని చూడలేదు. తన కాళ్లనే చూసుకుంటున్నారు.

కొంతసేపటికి అమ్మ మళ్లీ "ఇగో" అంది. ఈసారి సార్ కూడా తలెత్తారు. "అవును" అన్నారు. అంత మెల్లగా ఆయన మాట్లాడగా ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం దాకా విజిళ్లు. తర్వాత పలక తెచ్చి చెట్టు కింద పెట్టి, దాసు అమ్మ గుర్తుల్ని అంకెలుగా చదివాడు. సార్ తన పుస్తకంతో పోల్చుకుంటూ వచ్చారు. ఒకటి. రెండు. పది. పెన్సిలు ఆగడం లేదు. ఒక్కచోట పెద్ద తేడా వచ్చింది.

అమ్మ వంగి చూసింది. "గప్పుడు సారు వేరే గద్దను సూసిండు. తోక ఈకలన్నీ ఉన్నదాన్ని."

సార్ తన పుస్తకం చూసుకున్నారు, పలక చూశారు. పక్కనున్న గుర్తులతో సరిచూశారు. తన అంకెను తనే కొట్టేశారు.

వెళ్లేముందు బూట్లు చేత్తో పట్టుకుని బావి దగ్గరికి నడిచారు, కాళ్లు కడుక్కోవడానికి. పసుపు అంత తేలిగ్గా పోదు. మేజోళ్లు తొడుక్కుంటూ అన్నారు — "పేరు ఉంచండి. సహాయకులు అని కాదు. రచయితల వరసలోనే వేయండి. గడువు గురించి యూనివర్సిటీతో నేను మాట్లాడతాను."

అమ్మకు చెబితే — "మంచి సారు. కాళ్లే మెత్తగున్నయ్" అంది.

ఫిబ్రవరి 9

ఆనందం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. క్లాసులో అకారణంగా నవ్వాను.

జూన్ 15

పేపర్ టైపు అయింది. సైన్స్ పత్రికకు పంపాం. రచయితలు: కె. సుగుణ, కె. రత్నమ్మ, ఆర్మూర్.

జనవరి 27, 1988

పేపర్ తిరిగొచ్చింది. కాదనలేదు, ప్రశ్న వేశారు. పత్రిక పరీక్షకులు రాసింది నిజమే, నాకే తట్టలేదు. గద్దలు ఏళ్లుగా ఆ కల్లం మీద ఎగురుతున్నాయి, అలవాటు పడి ఉండొచ్చు, ఒకదాన్ని చూసి ఒకటి వచ్చి ఉండొచ్చు. గాలి ఎటు ఒరిగి లేస్తుందో మీ లెక్క నిజంగా చెప్పగలిగితే, పక్షి కనబడని ఆకాశంలో, తెలియని చోట చెప్పి చూపించండి.

ఎలా? నాకు రెక్కలు లేవు.

ఫిబ్రవరి 3

గైడ్ సార్ ఉత్తరం. ఆయనకు తెలిసిన ఒకాయన ఉన్నారట, వైమానిక దళంలో పని చేసి రిటైరయ్యారు. హైదరాబాద్ అవతల ఒక మైదానంలో గ్లైడర్లు నేర్పిస్తారు. ఇంజను లేని విమానాలు. గద్దలాగే, లేచే గాలి దొరికితే పైకి, దొరక్కపోతే కిందికి. "మీ లెక్క పట్టుకుని మీరే ఎక్కండి" అని రాశారు సార్.

బడా భీమ్‌గల్ గుట్ట తప్ప ఏదీ ఎక్కలేదు నేను.

మార్చి 12

ఎక్కాను. ఓడిపోయాను.

కెప్టెన్ సాబ్ — అందరూ ఆయన్ని అలాగే పిలుస్తున్నారు — వెనక సీట్లో. నేను ముందు. దూరంగా యంత్రం పొడవాటి తీగను చుట్టుకుంటుంటే ఆ లాగుడికి ఒక్కసారిగా నేల జారిపోయింది. వీపు సీటుకు అతుక్కుంది. ఠక్కుమని తీగ వదిలింది. తర్వాత నిశ్శబ్దం. గాలి తప్ప ఏ చప్పుడూ లేదు.

"ఎటు పోదాం మేడం, మీరే జెప్పుండ్రి."

బండ క్వారీ చూపించాను. వేడెక్కే నేల. గాలివాటును బట్టి ఇంత దూరం పక్కకు అని లెక్క చెప్పాను. అక్కడికి వెళ్లాం. ఎక్కుతున్నామా దిగుతున్నామా చూపే ముల్లు కిందికే. ఇంకోచోట చెప్పాను. కిందికే. కాసేపట్లో దిగిపోయాం. పొద్దున తిన్న ఇడ్లీ మైదానం అంచున వదిలేశాను.

కెప్టెన్ సాబ్ నీళ్లిచ్చారు. "ఫికర్ చెయ్యకుండ్రి. కింద గాలి ఒక తీరు, మీద ఒక తీరు ఉంటది. జర గది ఆలోచన జెయ్యుండ్రి."

అదే. సరిగ్గా అదే. నేను పసుపు దుమ్ము కనబడినంత ఎత్తు వరకే కొలిచాను. ఆ పైన గాలి దిక్కు మారితే స్తంభం కూడా అటు వంగుతుంది. నా గీత తిన్నగా పోయింది. నిజం స్తంభం వంకర.

మార్చి 13

మళ్లీ ఎక్కాను. ఈసారి ముందు కింద నిలబడి చాలాసేపు చూశాను. దూరాన ఇటుక బట్టీ. దాని పొగ కొంత ఎత్తు దాకా తూర్పుకు వాలి, ఆ పైన ఈశాన్యానికి తిరుగుతోంది. పై గాలి ఎటో పొగే చెప్పేసింది. కాగితం మీద కొత్త గీత గీసి మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆకాశంలో ఒక్క పక్షి లేని సమయం చూసి బయల్దేరాం. కెప్టెన్ సాబ్ చుట్టూ చూసి, లేవు అని గట్టిగా చెప్పి మరీ తీగ కట్టించారు.

అదే క్వారీ. నిన్నటి చోటు దాటించాను. ఇంకొంచెం ఎడమకు అన్నాను. ముల్లు కిందికే ఉంది. ఇంకొంచెం.

కుడి రెక్కను ఎవరో కింది నుంచి అరచేత్తో ఎత్తినట్టు.

"ఆఁ" అన్నారు వెనక నుంచి. గ్లైడర్ కుడికి ఒరిగింది. ముల్లు లేచింది. ఒక చుట్టు, వెడల్పుగా. "కుడికి జరుపుండ్రి" అన్నాను. రెండో చుట్టు, ఇరుకుగా. మూడోది ఇంకా ఇరుకుగా. కాగితం మీద నేను గీసిన గుండ్రాలలో నేనే కూర్చుని తిరుగుతున్నాను. క్వారీ చిన్నదైంది. రోడ్డు దారమైంది. తీగ వదిలిన ఎత్తు దాటాం. దాని మీద ఇంకా అంత ఎత్తు...

"మేడం, కిందికి సూడుండ్రి."

రెక్క కింద గద్దలు. రెండు, తర్వాత అయిదు. మమ్మల్ని చూసి వచ్చాయి. గాలి ఇక్కడ ఉందని మా దగ్గర తెలుసుకుని, మా కిందే తిరుగుతున్నాయి.

ఏడ్చాను. వెనక సీటు వాళ్లకు ముందు సీటు ముఖం కనబడదు. అది మంచిదే.

మార్చి 14

కెప్టెన్ సాబ్ తన చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చారు, ఏ చోటు చెప్పాను, ఎంత ఎక్కాం, పక్షులు ఎప్పుడు వచ్చాయి. మొన్నటి ఓటమి కూడా రాయమన్నాను. రెండూ పేపర్లో పెడతాను. వంకర స్తంభం మొదటి ఓటమి వల్లే దొరికింది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది — "మీద సల్లగుంటదా?"

ఉంటుందన్నాను.

"గందుకే అవి ఎండకాలం కిందికి దిగయ్."

నవంబర్ 5

పేపర్ తీసుకున్నారు. ఒక్క మాట మార్చమనలేదు.

దాసు ఉత్తరం చదివి మడిచి, విప్పి, మళ్లీ చదివాడు. పలకలు అటక మీంచి దించి ఎండలో పెట్టాడు. ఎందుకని అడిగితే — "ఏమో. పెట్టబుద్ధయింది" అన్నాడు.

జూన్ 21, 1989

అచ్చయిన ప్రతి వచ్చింది. అమ్మ కల్లంలో లేదు, నాట్ల కోసం నందిపేట్ వైపు పోయింది. సాయంత్రం దాకా ఆగలేక బస్సెక్కి పొలానికే వెళ్లాను. మోకాళ్ల లోతు బురదలోంచి గట్టు మీదికి వచ్చింది. చేతులు తుడుచుకుంది.

"నా పేరు ఏడున్నది?"

చూపించాను. వేలుతో ముట్టుకోలేదు, దగ్గరగా వంగి చూసింది. ఎన్ని అక్షరాలని అడిగింది. ఇంగ్లీషులో ఇన్ని, తెలుగులో ఇన్ని అని చెప్పాను. తర్వాత — "తోక ఈక లేనిదాన్ని రాసినవా?"

ఫోటో చూపించాను. అప్పుడు నవ్వింది. తోటి కూలీలను కేకేసి పిలిచింది, గద్దను చూపించడానికి. తన పేరు చూపించలేదు. నేనే చూపించాను. ఒకావిడ అంది — "గీడ గింత పని జేసుకుంట గద్దల లెక్క ఎప్పుడు జేసినవ్ రత్నమ్మా?"

"నిలవడ్డప్పుడు" అంది అమ్మ.

ఫిబ్రవరి 17, 1990

పీహెచ్‌డీ వైవా అయిపోయింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు అడిగిన ఆఖరి ప్రశ్న — పక్షులకంటే ముందు గాలిని కనిపెట్టడం అనే ఆలోచన మీకు ఎలా వచ్చింది?

"నాకు రాలేదండి" అన్నాను. మొత్తం చెప్పాను, సద్ది గిన్నె దగ్గర్నుంచి. గైడ్ సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

డాక్టరేట్ ఇచ్చారు.

ఫిబ్రవరి 26

పటేల్ ఇంటికొచ్చాడు. ఇన్నేళ్లలో మా గడప తొక్కడం ఇదే మొదలు. మోకాలి నొప్పికి మందు రాయమన్నాడు. నేను ఆ డాక్టర్ కాదని చెప్పాను. నమ్మలేదు. దాసు అమృతాంజనం డబ్బీ ఇచ్చి పంపాడు.

మార్చి 4, 1991

కెప్టెన్ సాబ్ ఉత్తరం. పేపర్ మళ్లీ చదివారట. "మొదటి పేరును ఎగిరించిన. రెండో పేరు ఎప్పుడు వస్తది?"

అమ్మకు చదివి వినిపించాను. లేచి పెట్టెలోంచి పండగ చీర తీసి గంజి పెట్టింది.

మార్చి 17

మైదానం అంచున కూర్చుని రాస్తున్నాను.

అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టారు. బరువు చాలలేదు. ముందు కూర్చునేవాళ్లు కనీసం ఇంత ఉండాలట, లేకపోతే గ్లైడర్ ముక్కు లేచిపోతుంది. సీటు కింద సీసం దిమ్మలు పెట్టారు. అమ్మ వాటిని చూసి — "గివ్వి దిగినంక తీస్తరా?" అంది. చీర కొంగు బెల్టుల్లో పడకుండా కెప్టెన్ సాబ్ తనే సర్దారు.

"భయమైతున్నదా అమ్మా?"

"మీకయితున్నదా?"

ఆయన నవ్వి వెనక ఎక్కారు. అద్దం మూత మూశారు. లోపల అమ్మ పెదాలు కదిలాయి, ప్రార్థనో, ఇంకేమన్నానో. తీగ బిగిసింది. దాసు నా భుజం పట్టుకున్నాడు. లేచింది.

మెరుస్తూ పైకి. తీగ ఊడి కిందపడింది. గ్లైడర్ క్వారీ వైపు పోలేదు. చెరువు దిక్కుకు తిరిగింది. అటు ఏముంది, తడి నేల, చల్లటి నీళ్లు. అటు గాలి లేవదు. ఎవరు చెప్పారు అటు వెళ్లమని, అమ్మేనా? నా లెక్క ప్రకారం దిగిపోవాలి.

దిగలేదు. చెరువు అవతలి గట్టు మీద ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. ఎక్కుతోంది. ఎక్కడా పక్షి లేదు. అక్కడ గాలి ఎందుకు లేస్తోందో నాకు తెలియదు. అయిదేళ్ల లెక్కల్లో అలాంటి చోటు లేదు.

పావుగంట అన్నారు. గంట దాటింది. తీగ లాగే యంత్రం దగ్గర మనుషులు పని ఆపి పైకే చూస్తున్నారు. మెడ నొప్పి పుడుతోంది. దాసు దిక్కు రాసుకుంటున్నాడు, నేను టైమ్.

గ్లైడర్ ఇప్పుడు చిన్న తెల్ల గీత. ఇంకా తిరుగుతూనే ఉంది.